జైల్లోనూ ఆ మాత్ర అందాలి

నేను గుంటూరులో డీ-అడిక్షన్ వార్డు నర్సును. మిర్చి యార్డులో బస్తాలు మోసే కుర్రాళ్లు కొందరు నడుం నొప్పికని ట్రమడాల్ మొదలుపెట్టి, అది లేనిదే లేవలేని స్థితిలో మా దగ్గరికొస్తారు. ఏదో కేసులో జైలుకెళ్తే మాత్ర ఒక్కసారిగా ఆగిపోతుంది. వాంతులు, విరేచనాలు, ఒళ్లు నొప్పులు, నిద్ర లేని రాత్రులు. నా భయమంతా విడుదలయ్యాక ఏమవుతుందోనని. అప్పటికి ఒంటికి పాత మోతాదు అలవాటు తప్పి ఉంటుంది. మళ్లీ అంతే వేసుకుంటే ఊపిరే ఆగిపోవచ్చు.

నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్ర ట్రమడాల్ కోసం కలిగే తపనను అణుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే దాన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఢిల్లీ తీహార్ జైల్లో 2008లో ఈ చికిత్స మొదలైంది. రాష్ట్రానికి కనీసం ఒక జైల్లో మానసిక చికిత్సా కేంద్రం పెట్టాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఒక్కటి ఏ మూలకు? గుంటూరు, ఒంగోలు జిల్లా జైళ్లలోనూ ఈ మాత్ర ఉండాలి. బెయిలు వచ్చిన రోజే మందు చీటీ రాసిచ్చి, దగ్గర్లోని వార్డుకు పంపాలి.