ట్రాలీకి ఇరుసు ఎక్కడ ఉండాలి?

కొందరు ట్రక్కు అంటారు, కొందరు ట్రాలీ అంటారు, మరికొందరు తొట్టి అంటారు. పేరేదైనా సిరుగుప్ప, గంగావతి, సింధనూరు ప్రాంతాల తెలుగు క్యాంపుల్లోనూ, హోసూరు చుట్టుపక్కల పల్లెల్లోనూ ట్రాక్టరు ఉన్న కుటుంబాలు తరచుగా దానిని దగ్గరలోని వెల్డింగు షాపులోనే కట్టించుకుంటాయి. కట్టించేటప్పుడు రేకు మందం అడుగుతారు, టైర్లు కొత్తవా పాతవా అని అడుగుతారు, వెనుక తలుపుపై ఏ దేవుని పేరు వ్రాయించాలో ఇంటిల్లిపాదీ చర్చిస్తారు. ఇరుసు తొట్టి క్రింద ఏ స్థానంలో ఉండాలని అడిగేవారు మాత్రం అరుదు. ప్రాణాలు ఆధారపడేది ఆ ప్రశ్న మీదనే.

ఎద్దుబండి తోలిన పెద్దలకు ఈ సంగతి కొత్త కాదు. బస్తాలు వెనుకకు ఎక్కువైతే నొగలు పైకి లేచి ఎద్దుల మెడతాళ్లు బిగుసుకునేవి. ముందుకు ఎక్కువైతే కాడి మెడల మీద కుంగేది. అందుకే బండిని నింపిన తరువాత నొగను చేతితో ఎత్తి తూకం చూచుకొని, అవసరమైతే ఒక బస్తాను జరిపేవారు. ట్రాక్టరు నోరులేని యంత్రం కనుక మెడ నొప్పి అని చెప్పదు. తేడా అంతే.

రెండు చక్రాల ట్రాలీని ఉదాహరణగా తీసుకొందాము. తొట్టి పొడవు 300 సెంటీమీటర్లు, దాని ముందు భాగం నుండి కొక్కెం వరకు ఉన్న కడ్డీ 120 సెంటీమీటర్లు అనుకొందాము. ఇరుసును సరిగ్గా తొట్టి మధ్యన బిగిస్తే సమంగా నింపిన సరుకు కొక్కెం మీద బరువే మోపదు. దానిని 30 సెంటీమీటర్లు వెనుకకు జరిపినట్లయితే, 3 టన్నుల సరుకులో సుమారు 300 కిలోలు కొక్కెం మీదకు వస్తాయి. ఈ మాత్రపు బరువు మేలు చేసేదే. ట్రాక్టరు వెనుక చక్రాలకు పట్టు ఇస్తుంది, ట్రాలీని బుద్ధిగా వెంట నడిపిస్తుంది.

ఇప్పుడు అదే ట్రాలీలో ఒకటిన్నర టన్నుల వడ్లబస్తాలను వెనుక సగంలోనే వేశారనుకోండి. ట్రాలీ సొంత బరువును విడిచి లెక్కిస్తే, అవి కొక్కేన్ని 225 కిలోల బలంతో పైకి ఎత్తుతాయి. వెనుక చక్రాల పట్టు సడలుతుంది. వేగం పెరిగిన కొద్దీ ట్రాలీ తోక ఊపడం మొదలవుతుంది. అవే బస్తాలు ముందు సగంలోనే వేస్తే కొక్కెం మీద 525 కిలోలు పడతాయి. నిండు ట్రాలీ మోపిన బరువు కన్నా ఇది ఎక్కువ! కొక్కెం ట్రాక్టరు వెనుక ఇరుసుకు అవతల ఉన్నందున ముందు చక్రాలు తేలికవుతాయి, కాలువగట్టు ఎక్కేటప్పుడు స్టీరింగు తిప్పినా ట్రాక్టరు తిరగదు. కనుక సగం సరుకైనా సరే, తొట్టి అంతటా పరచవలెను.

ఐరోపా దేశాలలో ఇంజను లేని గ్లైడరు విమానాలను నడిపేవారు పొడవైన రెక్కలను విడదీసి కారు వెనుక ట్రైలరులో తీసుకువెళతారు. అటువంటి ట్రైలర్లను ఇంటివద్దనే కట్టుకున్నవారు అనేకులు. విమానం తోక ముందుగా లోపలికి వెళ్లేటట్లు ఎక్కిస్తారు కనుక బరువైన ముక్కు వెనుక తలుపు దగ్గర నిలుస్తుంది. అందుకే వారు ఇరుసును బాగా వెనుకకు బిగిస్తారు. వారిదీ మన బండి లెక్కే.

నాలుగు చక్రాల ట్రాలీ సంగతి వేరు. అది తన బరువును తానే మోస్తుంది, కొక్కేన్ని పెద్దగా నొక్కదు. అయితే దిగుడులో అది వెనుక నుండి నెడుతుంది. 20 మీటర్ల దూరానికి ఒక మీటరు దిగే రోడ్డుపై, మొత్తం 5 టన్నులున్న ట్రాలీ దాదాపు 250 కిలోల బరువంత బలంతో ట్రాక్టరును తోస్తూనే ఉంటుంది. మన ట్రాలీలలో చాలావాటికి బ్రేకులు లేవు. రెండు టన్నుల ట్రాక్టరే అంతటినీ ఆపవలెను. వేగం రెట్టింపయితే ఆపవలసిన శక్తి నాలుగింతలవుతుంది. డీజిలు మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చేసేవారున్నారు. ఆ మిగిలిన డీజిలు ఎవరికి ఉపయోగపడుతుందో వారే ఆలోచించుకోవాలి. దిగుడు మొదలు కాకముందే చిన్న గేరులోకి మార్చుకొని, అదే గేరులో చివరివరకు దిగవలెను.

ఇక్కడే మరొక మాట. పొలంలో మళ్లించడానికి వీలుగా ట్రాక్టరు బ్రేకు పెడళ్లు ఎడమకు ఒకటి, కుడికి ఒకటి విడివిడిగా ఉంటాయి. రోడ్డెక్కేముందు వాటిని కలిపే కొండిని తప్పక వేయవలెను. మరచిపోయి ఒక పెడలునే త్రొక్కితే ఒక చక్రమే ఆగుతుంది, ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది, వెనుకనున్న ట్రాలీ దానిని పడదోస్తుంది.

కట్టించేటప్పుడు ముందు కడ్డీని ఒంటి చానెలుతో కాక, తొట్టి రెండు అంచుల నుండి వచ్చి కొక్కెం వద్ద కలిసేటట్లు చేయించడం మంచిది. పగుళ్లు ముందుగా కనబడేది వెల్డింగు అతుకుల వద్దనే. వాటిపై రంగు మందంగా పూస్తే పగులు దాగుతుంది. పిన్నుకు అడుగున క్లిప్పు ఉండవలెను, ఇనుప తీగ చుట్టి సరిపెట్టరాదు. పిన్ను జారినా ట్రాలీ విడిపోకుండా ఒక గొలుసు కూడా ఉండాలి. బురదలో దిగబడినప్పుడు మాత్రం ఏ గొలుసునూ టాప్‌లింకు వంటి ఎత్తయిన చోట తగిలించి లాగరాదు. ముందు చక్రాలు లేచి ట్రాక్టరు డ్రైవరు మీదికే తిరగబడుతుంది.

రాత్రివేళ వెనుక నుండి వచ్చే లారీకి దీపాలు లేని ట్రాలీ కనబడదు. వెనుక ఎరుపు, ప్రక్కల పసుపు రంగు మెరిసే పట్టీలు అంటించడానికి అయ్యే ఖర్చు ఒక పూట కూలికన్నా మించదు. చెడిపోయి ఆగినప్పుడు చక్రాలకు పెట్టిన రాళ్లను కదిలేముందు తీసివేయండి.

1988 నాటి మోటారు వాహనాల చట్టం కేంద్ర చట్టమే కనుక సరిహద్దు ఏ ప్రక్కనున్నా వర్తిస్తుంది; ట్రైలరునూ రిజిస్టరు చేయించవలెను. సాగు పనికని తీసుకున్న బీమా, పత్తి తీతకు వెళ్లే కూలీలనో పెళ్లివారినో తొట్టిలో ఎక్కించిన నాడు అక్కరకు రాకపోవచ్చును.

కొత్త ట్రాలీ ఇంటికి వచ్చిన రోజున తొట్టి ప్రక్కరేకుపై, ఇరుసుకు సరిగ్గా ఎదురుగా, తెల్లరంగుతో ఒక నిలువు గీటు వేయించండి. బస్తాలు ఎక్కించే పిల్లవానికి సైతం బరువులో కాస్త ఎక్కువ భాగం ఆ గీటుకు ముందు పడవలెనని తెలుస్తుంది.