మీకు తెలుసా? ఆ లింకు లింకు కాదు

ఆంధ్రప్రదేశ్‌లో రొంపిచెర్ల పేరుతో రెండు మండలాలున్నాయి. ఒకటి పల్నాడులో, నరసరావుపేట దగ్గర. ఇంకోటి ఉమ్మడి చిత్తూరు జిల్లాలో. బస్సులో పక్కాయన "మాది రొంపిచెర్ల" అంటే "ఏ రొంపిచెర్లండీ?" అని అడిగి తేల్చుకుంటాం. కంప్యూటర్‌కు అలా అడగడం రాదు. అందుకే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లలో ఒకే పేరున్న ట్యాగులు కలగాపులగం కాకుండా, పేరుకు తోడుగా నేమ్‌స్పేస్ తగిలించే పద్ధతిని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 1999 జనవరిలో ఖాయం చేసింది. ఫీడ్లూ సైట్‌మ్యాపులూ స్టైల్‌షీట్లతో చూపించే వెబ్‌సైట్లలో చాలా చిక్కులు ఇక్కడే పుడతాయి.

మీకు తెలుసా? నేమ్‌స్పేస్ మామూలుగా హెచ్‌టీటీపీతో మొదలై అచ్చం వెబ్ అడ్రసులా ఉంటుంది. కానీ ఏ ప్రోగ్రామూ దాన్ని తెరిచి చూడక్కర్లేదు. అది వట్టి పేరు. అక్షరం అక్షరం సరిపోయిందా లేదా, అంతే లెక్క. రొంపిచెర్ల అన్నా రొంపిచర్ల అన్నా మనకు ఊరు ఒకటే. ఇక్కడ మాత్రం చివర ఒక్క గీత ఎక్కువైనా అది వేరే ఊరే.

దీంతో జరిగే ముచ్చట ఒకటుంది. సైట్‌ను హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు మార్చిన రోజున, పని త్వరగా తెమిలిపోతుందని ఫైళ్లన్నిటిలో ఒకేసారి ఫైండ్ అండ్ రీప్లేస్ కొడతారు. పేజీల లింకులన్నీ చక్కగా మారతాయి. వాటితోపాటు సైట్‌మ్యాప్ నేమ్‌స్పేస్ కూడా మారిపోతుంది, అది మాత్రం మారకూడదు. స్టైల్‌షీట్ వెతికే పేరు పాతది, ఫైల్లో ఉన్నది కొత్తది. తెర మీద శీర్షిక వస్తుంది, పట్టిక ఖాళీ. గూగుల్ సెర్చ్ కన్సోల్ కూడా నేమ్‌స్పేస్ తప్పని ఎర్ర అక్షరాల్లో చెబుతుంది. అదే స్టైల్‌షీట్ భాష ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ తాలూకు నేమ్‌స్పేసే మారిందంటే, ఆ ఫైలు అసలు స్టైల్‌షీటేనని ప్రాసెసర్ ఒప్పుకోదు. వర్డ్‌ప్రెస్ 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి సైట్‌మ్యాపునూ దాని స్టైల్‌షీటునూ తనే తయారు చేస్తోంది కాబట్టి, చేత్తో కెలకకపోతే ఈ గొడవ ఉండదు.

మీకు తెలుసా? అన్నిటికన్నా మొండి తప్పు, ఏ ఎర్రరూ చూపించనిది. ఆర్‌ఎస్‌ఎస్ 2.0 ఫీడ్‌లో ఐటమ్ ట్యాగుకు నేమ్‌స్పేస్ లేదు. 2005లో ప్రమాణంగా వచ్చిన ఆటమ్ ఫీడ్‌లో ఎంట్రీ ట్యాగుకు ఉంది. పైన ఒక్కసారి డిఫాల్ట్‌గా ప్రకటించి వదిలేస్తారు గనక ట్యాగు పేరు ముందు నేమ్‌స్పేస్‌ను సూచించే ప్రిఫిక్స్ ఏమీ కనబడదు. మనమేమో స్టైల్‌షీట్‌లో ఉత్త "ఎంట్రీ" అని రాస్తాం. స్టైల్‌షీట్‌లో ట్యాగులను వెతకడానికి వాడే ఎక్స్‌పాత్ 1.0 దృష్టిలో ప్రిఫిక్స్ లేని పేరంటే ఏ నేమ్‌స్పేసూ లేని పేరని అర్థం. స్టైల్‌షీట్ పైన డిఫాల్ట్ ప్రకటించినా దాన్ని పట్టించుకోదు. దొరికేవి సున్నా. ఒక్కోసారి ఖాళీ పేజీ, ఒక్కోసారి శీర్షికలూ తేదీలూ ఐడీలూ అన్నీ అతుక్కుపోయిన ఒకే ముద్ద. టెంప్లేటు ఏదీ కలవనప్పుడు లోపలి అక్షరాలన్నీ యథాతథంగా దించెయ్యడం ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకి పుట్టుకతో ఉన్న నియమం. మందు చిన్నదే: స్టైల్‌షీట్ పైన ఆటమ్ నేమ్‌స్పేస్‌కు "ఏ" అనో "ఆటమ్" అనో మీకు నచ్చిన ప్రిఫిక్స్ కట్టి, దాంతోనే పిలవడం. ఫీడ్‌లో ఏ ప్రిఫిక్స్ ఉందో, అసలు ఉందో లేదో అనవసరం. 2007 నాటి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0 ఈ డిఫాల్ట్ కష్టాన్ని తీర్చింది గానీ బ్రౌజర్లు 1.0 దగ్గరే ఆగిపోయాయి.

ప్రిఫిక్స్ వాడి ప్రకటించడం మరిచిపోతే ప్రాసెసర్ వెంటనే అరుస్తుంది. అరిచే తప్పు మంచి తప్పు.

మీకు తెలుసా? తెలుగు వికీపీడియా వ్యాసాలన్నిటినీ ఎక్స్‌ఎమ్‌ఎల్ మూటగా ఎవరైనా దించుకోవచ్చు. ఆ మూట నేమ్‌స్పేస్‌లోనే వెర్షన్ అంకె ఉంటుంది. 0.10 కోసం రాసుకున్న స్టైల్‌షీట్‌కు 0.11 మూట ఇస్తే ఒక్క వ్యాసమూ దొరకదు. పేరులో అంకె పెట్టడం నాకైతే నచ్చదు.

ఈ తంటా కొత్తది కాదు. స్టైల్‌షీట్ భాష ఇంకా ముసాయిదాగా ఉండగానే దాన్ని వాడుతూ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 వచ్చింది 1999 మార్చిలో, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 ఖాయమైంది అదే ఏడాది నవంబరు 16న. అప్పటికే ముసాయిదా నేమ్‌స్పేస్‌తో రాసేసినవాళ్లు తర్వాత అన్నీ మార్చుకోవాల్సి వచ్చింది.

ఏం పాలుపోనప్పుడు స్టైల్‌షీట్‌లో ఒక్క వరుస పెట్టండి: మొదటి ట్యాగు నేమ్‌స్పేస్‌ను నేమ్‌స్పేస్-యూఆర్‌ఐ ఫంక్షన్‌తో తెర మీద అచ్చు వేయించండి. దాన్ని కాపీ చేసి స్టైల్‌షీట్‌లో అతికించండి, చేత్తో టైపు చేయొద్దు. లోకల్-నేమ్ ఫంక్షన్‌తో నేమ్‌స్పేస్‌ను పక్కకు నెట్టేసే అడ్డదారి చాలామంది చెబుతారు. యూట్యూబ్ ఛానల్ ఫీడ్ మీద ప్రయత్నించి చూడండి: అందులో ఆటమ్ టైటిల్ ఒకటి, మీడియా టైటిల్ ఒకటి ఉంటాయి, ఫైలంతా టైటిళ్ల కోసం గాలిస్తే ప్రతి వీడియో పేరూ రెండేసిసార్లు వస్తుంది.