మీకు తెలుసా? ఎండ దండిగా ఉన్నా డి లోపమే!

తిరుపతి ప్రాంత పల్లెల్లో పరీక్షించిన ఆడవాళ్లలో 70 శాతం, మగవాళ్లలో 44 శాతం మందికి విటమిన్ డి లోపం ఉందని అక్కడి స్విమ్స్ ఆసుపత్రి వైద్యుల అధ్యయనం 2008లో తేల్చింది. అదీ రాయలసీమ ఎండలో!

ఎండ నేరుగా చర్మానికి తగిలితేనే ఈ విటమిన్ తయారవుతుంది. ఒంటి రంగు ముదురైన కొద్దీ ఎక్కువసేపు కావాలి. కర్నూలు జిల్లా కోడుమూరు చేలల్లో కలుపు తీసే ఆడకూలీలు చీర మీద నిండు చేతుల చొక్కా తొడిగి, తలకు గుడ్డ చుట్టుకుంటారు. వడదెబ్బ నుంచి కాపాడే ఆ చొక్కానే విటమిన్ తయారీకి అడ్డం. పోనీ, తినే రాగి సంగటితో తీరదా? అందులో కాల్షియం పుష్కలం, డి మాత్రం లేదు.

అట్లని అందరూ మాత్రలు మింగాల్సిన పనీ లేదు. అమెరికాలో 25,871 మందిపై జరిపిన వైటల్ అనే పరిశోధనలో, లోపం ఉందా లేదా చూడకుండా రోజూ 2,000 యూనిట్ల విటమిన్ డి ఇస్తే ఎముకలు విరగడం ఏమీ తగ్గలేదని 2022లో తేలింది. లోపం ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు మందు కావాల్సిందే. అయితే డాక్టర్లు వారానికొకటి రాసే 60,000 యూనిట్ల మోతాదును బలానికని రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతినవచ్చు.