నవ్వించేవాడికి కుర్చీ ఏది?

వికారాబాద్, తాండూరుల్లో కోట–బాబూమోహన్ కామెడీ తెలియనివారు తక్కువ. తెరమీద కోట తంతాడు, బాబూమోహన్ పడతాడు, మనం నవ్వుతాం. ‘మామగారు’ (1991)లో బిచ్చగాడి వేషం ఆయనకు పేరు తెచ్చింది. రెవెన్యూ ఉద్యోగం వదిలి నటుడైన ఆయన, వికారాబాద్‌లాగే ఎస్సీ రిజర్వుడు స్థానమైన అందోల్‌లో 1998, 1999లలో గెలిచి కార్మిక మంత్రి అయ్యారు.

కుర్చీ ప్రశ్న అమెరికాలోనూ ఉంది. నల్లజాతి కమెడియన్ డిక్ గ్రెగరీ 1961లో జాక్ పార్ టీవీ షోకు పిలిస్తే, జోకులయ్యాక తెల్లవాళ్లలాగే సోఫాలో కూర్చోబెడితేనే వస్తానన్నారు. కూర్చున్నారు. వర్ణవివక్షనే నవ్వులపాలు చేశారు. 1963లో బర్మింగ్‌హామ్ ఉద్యమంలో జైలుకెళ్లారు.

బాబూమోహన్‌కు అసెంబ్లీ కుర్చీకి దారి రాజ్యాంగం వేసింది. సినిమా మాత్రం తన్నులు రాసింది. కులాన్ని నవ్వులపాలు చేసే జోకు మనమే రాయాలి.