మెడికల్ బయోటెక్నాలజీ: ఈ పట్టా ఏమిస్తుంది, ఏమివ్వదు



పన్నెండో తరగతి ఫలితాలు, నీట్ ర్యాంకులు వచ్చే రోజుల్లో మన ఇళ్ళల్లో ఒక మాట తరచు వినిపిస్తుంది. "డాక్టరు సీటు రాలేదు. మెడికల్ బయోటెక్నాలజీ అని ఒక కోర్సు ఉందట, చేర్పిద్దామా?" అని. బళ్ళారిలోనైనా, హోసూరులోనైనా, బరంపురంలోనైనా, యానాంలోనైనా ఈ ప్రశ్న ఒకటే. పిల్లల మూడు నాలుగేళ్ళ కాలమూ, తల్లిదండ్రులు కూడబెట్టిన డబ్బూ దీనితో ముడిపడి ఉన్నాయి. కనుక ఈ చదువేమిటో కాస్త వివరంగా తెలుసుకుందాం.

ముందుగా ఒక సంగతి మనవి చేస్తాను. ఇది వైద్యుణ్ణి తయారుచేసే చదువు కాదు. ఈ పట్టా పొందినవారు రోగికి మందుచీటీ రాయడానికి వీలులేదు. ఇది చదివి, మధ్యలో ఎం.బి.బి.ఎస్.లోకి మారే దారి కూడా లేదు. అందుకు మళ్ళీ నీట్ రాయవలసిందే. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగమే మీ లక్ష్యమైతే, దానికి మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ అనే వేరే కోర్సు ఉంది. "మెడికల్" అన్న ఒక్క మాట చూసి చేరినవారు తరవాత నిరాశపడతారు.

మరి ఇందులో నేర్చుకునేదేమిటి? డాక్టరు రోగి దగ్గర ఉంటాడు. ఆ డాక్టరు వాడే మందు, టీకా, రోగ నిర్ధారణ పరీక్ష మరెక్కడో తయారవుతాయి. ఆ తయారీకి కావలసిన శాస్త్రమే ఇది. దీని మూలసూత్రం మన వంటింట్లోనే ఉంది. పాలలో చెంచాడు తోడు వేస్తే తెల్లవారేసరికి పెరుగవుతుంది. కంటికి కనబడని జీవులు మన కోసం పని చేశాయన్న మాట. అలాంటి జీవికి ఒక కొత్త పని నేర్పితే అది బయోటెక్నాలజీ.

మధుమేహానికి వాడే ఇన్సులిన్‌నే తీసుకోండి. ఒకప్పుడు దాన్ని పందుల, పశువుల క్లోమం నుంచి తీసేవారు. మనిషిలో ఇన్సులిన్ తయారీకి ఆధారమైన జన్యువును బ్యాక్టీరియాలో ప్రవేశపెట్టి, దానిచేతనే ఇన్సులిన్ తయారుచేయించారు. 1982లో అమెరికాలో దానికి అనుమతి లభించింది. మన దేశంలో 2004లో బెంగుళూరుకు చెందిన బయోకాన్ ఈస్టు సహాయంతో ఇన్సులిన్ తయారుచేసి విడుదల చేసింది. అంతకు ముందే, 1997లో, హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ ఇదే పద్ధతిలో హెపటైటిస్-బి టీకాను మన దేశంలోనే తయారుచేసి అందుబాటులోకి తెచ్చింది.

పాఠ్యాంశాల విషయానికి వస్తే, మొదట జీవకణ నిర్మాణం, జీవరసాయన శాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, జన్యుశాస్త్రం ఉంటాయి. తరవాత శరీర రోగనిరోధక వ్యవస్థ, డి.ఎన్.ఎ.ను కత్తిరించి అతికించే పద్ధతులు, కణాలను పెద్ద పాత్రలలో పెంచే విధానం, గణాంకశాస్త్రం, ప్రయోగాలలో పాటించవలసిన నీతి నియమాలు వస్తాయి. ప్రయోగశాలలో నేర్చుకునే పనుల్లో ముఖ్యమైనది పి.సి.ఆర్. కోవిడ్ రోజుల్లో అందరూ విన్న పేరే ఇది. ఆ యంత్రం ప్రతి ఆవృత్తిలోనూ డి.ఎన్.ఎ. ముక్కను రెట్టింపు చేస్తుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. లెక్క ప్రకారం 30 ఆవృత్తులు పూర్తయ్యేసరికి ఒక్క ముక్క 100 కోట్లు దాటుతుంది. అందుకే చిటికెడు నమూనాలో దాగిన వైరస్ కూడా దొరికిపోతుంది.

ఇక చేరే దారి. బి.ఎస్‌సీ. సాధారణంగా మూడేళ్ళు, ఆనర్స్ అయితే నాలుగేళ్ళు. బి.టెక్. నాలుగేళ్ళు. బి.టెక్.కు చాలా చోట్ల గణితం చదివి ఉండాలి. జీవశాస్త్రం తీసుకుని గణితం వదిలినవారు ఈ సంగతి ముందే విచారించుకోవాలి. సరిహద్దు విద్యార్థులు మరొకటి గమనించాలి. పక్క రాష్ట్రంలో మన భాష మాట్లాడినంత మాత్రాన అక్కడ స్థానిక కోటా రాదు. ఏ రాష్ట్రంలో ఎన్నేళ్ళు చదివారు, ఎక్కడ నివాసం ఉన్నారు అన్న లెక్కలు ఉంటాయి. దరఖాస్తుకు ముందే ఆ నియమాలు చదువుకోండి.

కాలేజీకి వెళ్ళినప్పుడు భవనం చూసి మురిసిపోకండి. ప్రయోగశాల చూపించమని అడగండి. వారానికి ఎన్ని గంటలు విద్యార్థి తన చేతులతో ప్రయోగం చేస్తాడు? పి.సి.ఆర్. యంత్రం పని చేస్తోందా, గుడ్డ కప్పి ఉందా? చివరి సంవత్సరం ప్రాజెక్టు ఎక్కడ చేయిస్తారు? కిందటేడు పట్టా తీసుకున్నవారు ఇప్పుడేం చేస్తున్నారు? వీటికి సూటిగా జవాబు రాని చోట ఫీజు కట్టే ముందు మరొకసారి ఆలోచించండి.

ఉద్యోగాల మాట. పట్టా కాగానే మందుల, టీకాల కంపెనీలలో ఉత్పత్తి, నాణ్యత పరీక్ష విభాగాలలో అవకాశాలుంటాయి. షిఫ్టు డ్యూటీలుంటాయి, తొలి జీతం సాధారణంగా పెద్దది కాదు. పరిశోధన చేయాలనుకునేవారికి ఎం.ఎస్‌సీ., ఆపైన పిహెచ్.డి. అవసరం. ఎం.ఎస్‌సీ. ప్రవేశానికి గ్యాట్-బి, జామ్ వంటి జాతీయ పరీక్షలున్నాయి. అంటే, ఈ పట్టా గమ్యం కాదు, తొలి మెట్టు. మూడేళ్ళ ఖర్చు ఒక్కటే లెక్క వేసుకుని దిగితే మధ్యదారిలో ఆగిపోవలసి వస్తుంది.

ఇందుకు మన ప్రాంతం నుంచే ఒక ఉదాహరణ. తమిళనాడులోని తిరుత్తణి ప్రాంతంలో తెలుగు రైతు కుటుంబంలో పుట్టిన డాక్టర్ కృష్ణ ఎల్లా మొదట చదివినది వ్యవసాయశాస్త్రం. తరవాత అమెరికాలో పిహెచ్.డి. చేసి, 1996లో శ్రీమతి సుచిత్ర ఎల్లాతో కలిసి హైదరాబాదులో భారత్ బయోటెక్ స్థాపించారు. పసిపిల్లల విరేచనాలకు కారణమయ్యే రోటా వైరస్‌పై ఆ సంస్థ తయారుచేసిన టీకాను 2016లో ప్రభుత్వ టీకా కార్యక్రమంలో ముందుగా చేర్చిన నాలుగు రాష్ట్రాలలో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. సీటు రాని బాధలో ఉన్న పిల్లవాడిని ఏదో ఒకటి అని ఇందులోకి తోయకండి. పన్నెండో తరగతి జీవశాస్త్రం పుస్తకంలోనే బయోటెక్నాలజీ పాఠాలున్నాయి. వాటిని మళ్ళీ చదవమనండి. అవి చదువుతుంటే ఇది ఎలా జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది అని అబ్బాయో అమ్మాయో తానుగా అడిగితే, నిశ్చింతగా చేర్పించండి. ఆ కుతూహలం లేకపోతే, మరొక చదువు వెతకడంలో చిన్నతనమేమీ లేదు.