ఒకే పెట్టెలో రెండు గ్రాఫిక్స్ కార్డులు.. మీకు తెలుసా?

తిరుపతి, చిత్తూరు ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు ఇప్పుడు ఆటల కోసమే కాదు, ప్రాజెక్టుల కోసమూ గ్రాఫిక్స్ కార్డులు కొంటున్నారు. ఒకటి చాలక రెండోది పెట్టాలనుకునేవాళ్లూ ఉన్నారు. మదర్‌బోర్డు మీద ఖాళీ స్లాట్ కనిపించినంత మాత్రాన పనైపోదు. జాగా, లేన్లు, కరెంటు, వేడి.. ఈ నాలుగూ కుదిరితేనే రెండో కార్డుకు పెట్టిన డబ్బు దక్కుతుంది. ఆ నాలుగింటి చుట్టూ ఉన్న విశేషాలు ఇవి.

మొదటి జోడీ 1998లోనే
త్రీడీఎఫ్ఎక్స్ అనే అమెరికా కంపెనీ 1998లో ‘వూడూ 2’ కార్డు తెచ్చింది. రెండు వూడూలను ఒకే కంప్యూటర్లో పెట్టి చిన్న కేబుల్‌తో కలిపితే, తెర మీద ఒక గీత మొదటి కార్డు, ఆ కింది గీత రెండో కార్డు గీసేవి. ఒక్క కార్డుతో 800×600 దగ్గర ఆగే బొమ్మ రెండింటితో 1024×768కు చేరేది. ఈ పద్ధతికి ఎస్‌ఎల్‌ఐ అని పేరు పెట్టారు. తర్వాత ఆ కంపెనీ ఆస్తులను కొనుక్కున్న ఎన్విడియా, 2004లో అదే పొట్టి పేరుతో సొంత జోడీని విడుదల చేసింది. మరుసటి ఏడాదే ఏటీఐ ‘క్రాస్‌ఫైర్’తో పోటీకి దిగింది.

తైపే వేదిక మీద తెలుగాయన
2016లో తైపేలో కంప్యూటెక్స్ ప్రదర్శన జరిగినప్పుడు ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి రాజా కోడూరి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివిన తెలుగువారాయన. ఒక పక్క రెండు ఆర్‌ఎక్స్ 480 కార్డులు, మరో పక్క ఎన్విడియా జీటీఎక్స్ 1080 పెట్టి ‘యాషెస్ ఆఫ్ ది సింగులారిటీ’ ఆటను నడిపించి చూపారు. ఖరీదైన కార్డు సెకనుకు 58.7 ఫ్రేములు ఇస్తే, చవక కార్డుల జోడీ 62.5 ఇచ్చింది. ఆ రెండింటి ధరా కలిపితే 500 డాలర్ల లోపే.

ఆటల్లో జోడీ ఎందుకు నిలవలేదు?
ఒక ఫ్రేమును ఒక కార్డు, తర్వాతి ఫ్రేమును రెండో కార్డు గీయడం చాలా ఏళ్లు నడిచిన పద్ధతి. ఫ్రేముల లెక్క పెరిగేది కానీ, అవి సమాన వ్యవధిలో తెర మీదికి రాకపోవడంతో ఆట కుదుపుగా అనిపించేది. పైగా ఒక్కో ఆటకు విడిగా డ్రైవర్ ప్రొఫైల్ రాయాలి. 2021 జనవరి 1 నుంచి ఎన్విడియా కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు రాయడం మానేసింది. ఆర్‌టీఎక్స్ 4090లో రెండు కార్డులను కలిపే ఎన్‌వీలింక్ కనెక్టరే లేదు. ఆటల కోసమైతే ఈ రోజు ఒక్క మంచి కార్డే సరైన కొనుగోలు.

కృత్రిమ మేధను మలుపు తిప్పిన రెండు కార్డులు
2012లో టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకుల ‘అలెక్స్‌నెట్’ బొమ్మలను గుర్తుపట్టే పోటీలో అందరినీ వెనక్కి నెట్టింది. దానికి శిక్షణ ఇచ్చినవి రెండంటే రెండు జీటీఎక్స్ 580 గేమింగ్ కార్డులు. ఒక్కోదానికి మెమరీ 3 జీబీయే. నమూనా మొత్తం ఒక కార్డులో పట్టక, దాన్ని రెండుగా చీల్చి చెరో సగం పంచారు. 12 లక్షల ఫొటోలతో శిక్షణకు పట్టిన కాలం ఐదారు రోజులు.

మెమరీ ఎప్పుడు కలుస్తుంది, ఎప్పుడు కలవదు?
ఆటల్లో 4 జీబీ కార్డులు రెండు పెట్టినా 8 జీబీ కాదు. ఒకే సరుకును రెండూ దాచుకుంటాయి కాబట్టి 4 జీబీ కిందే లెక్క. బ్లెండర్‌లో త్రీడీ బొమ్మ రెండర్ చేసేటప్పుడు కార్డులు పనిని పంచుకుంటాయి, వేగం బాగా పెరుగుతుంది. మాట్లాడే ఏఐ నమూనాల సంగతి వేరు. నమూనాలోని పొరలను కొన్ని ఒక కార్డులో, కొన్ని మరో కార్డులో ఉంచవచ్చు. 7 వేల కోట్ల పారామీటర్ల నమూనాను 4 బిట్లకు కుదిస్తే సుమారు 40 జీబీ అవుతుంది. 24 జీబీ ఆర్‌టీఎక్స్ 3090లు రెండుంటే అది ఇంట్లోనే నడుస్తుంది. రెండో కార్డుకు ఇప్పుడు అసలైన ఉపయోగం ఇక్కడే.

గాదంకిలో 1024 ఒక్కటిగా
చిన్నవాటిని అనేకం కలిపి ఒకే పెద్ద పని చేయించడం మన ప్రాంతానికి కొత్త కాదు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి వద్ద జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్‌లో వరుసకు 32 చొప్పున 32 వరుసల్లో 1024 యాంటెన్నాలు నిలబెట్టారు. 53 మెగాహెర్ట్జ్ దగ్గర అవన్నీ కలిసి ఒకే రాడార్‌గా ఆకాశాన్ని చూస్తాయి. గ్రాఫిక్స్ చిప్‌లోని వేల కోర్లూ అలాగే కలిసి ఒకే పెద్ద పనిని పూర్తిచేస్తాయి.

తిరుమల క్యూలకూ ఇదే గణితం
2025 సెప్టెంబరులో తిరుమలలో కృత్రిమ మేధతో పనిచేసే సమీకృత కమాండ్ కంట్రోల్ కేంద్రం ప్రారంభమైంది. కెమెరా దృశ్యాల నుంచి భక్తుల రద్దీని అంచనా కట్టడం దాని పనుల్లో ఒకటి. వీడియోలో మనుషులను గుర్తించి లెక్కపెట్టడం లాంటి పనులన్నీ ఒకే రకం కూడికలు, గుణకారాలు కోట్ల సంఖ్యలో చేయడమే. గ్రాఫిక్స్ చిప్‌కు చేతనైన పని అదే. విద్యార్థి ఇంట్లో రెండు కార్డులతో నేర్చుకునేదీ ఆ గణితాన్నే.

20.32 మిల్లీమీటర్ల లెక్క
కేబినెట్ వెనక పట్టీలు ఒకదానికొకటి 20.32 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. మామూలు ఏటీఎక్స్ మదర్‌బోర్డుకు ఇలాంటివి ఏడు. ఎన్విడియా సొంత ఆర్‌టీఎక్స్ 4090 మందం 61 మిల్లీమీటర్లు, అంటే ఒక్కటే మూడు జాగాలు తింటుంది. ఇతర కంపెనీల కార్డులు కొన్ని అంతకన్నా లావు. కొనేముందు మదర్‌బోర్డు మీది రెండు పొడవైన స్లాట్ల మధ్య దూరాన్ని స్కేలుతో కొలవండి. కార్డు మందం పోగా గాలి ఆడేందుకు కనీసం ఒక పట్టీ ఖాళీ మిగలాలి.

పొడవుగా ఉన్నవన్నీ పదహారు కావు
ప్రాసెసర్‌కూ కార్డుకూ మధ్య డేటా నడిచే దారులే లేన్లు. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లు గ్రాఫిక్స్‌కు 16 లేన్లే ఇస్తాయి. మంచి బోర్డులు వాటిని 8+8గా పంచుతాయి. చవక బోర్డుల్లో రెండో స్లాట్ చూపుకు పొడవుగానే ఉన్నా, నడిచేవి నాలుగే. టార్చి వేసి స్లాట్ లోపలికి చూస్తే చాలా బోర్డుల్లో పిన్నులు కొంతవరకే ఉండి, మిగతాది బోసిగా కనిపిస్తుంది. 8+8 దొరికితే భయం అక్కర్లేదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0లో 8 లేన్లు, 3.0లో 16 లేన్లతో సమానం, సెకనుకు సుమారు 16 జీబీ. రెండు కార్డులకూ పూర్తి లేన్లు కావాలంటే 128 లేన్లున్న థ్రెడ్‌రిప్పర్ ప్రో లాంటి తరగతికి వెళ్లాలి, దాని ధర కూడా ఆ తరగతిదే.

బిగించేటప్పుడు
కరెంటు తీసేసి కేబినెట్‌ను పడుకోబెట్టండి. లోపలి ఇనుప భాగాన్ని ఒకసారి తాకితే ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది. కార్డును రెండు చేతులతో నిటారుగా దించి, స్లాట్ చివరనున్న ప్లాస్టిక్ గొళ్లెం ‘టిక్’మనేదాకా నొక్కండి. ముందు వెనక స్క్రూలు, ఆ తర్వాతే పవర్ కేబుళ్లు. మొదటి కార్డును తీయాల్సి వస్తే గొళ్లెం దాని కింద దాక్కుని కంటికి కనిపించదు. పొడవాటి ప్లాస్టిక్ పుల్లతో నొక్కాలి. స్క్రూడ్రైవర్ జారితే మదర్‌బోర్డు మీద గీత పడి బోర్డే పోతుంది. రెండో కార్డును కంప్యూటర్ గుర్తించకపోతే, బయాస్‌లో ‘అబౌవ్ 4జీ డీకోడింగ్’ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర పొదుపు వద్దు
స్లాట్ నుంచి కార్డుకు అందేది 75 వాట్లు. 6 పిన్నుల కేబుల్ మరో 75, 8 పిన్నులది 150 వాట్లు ఇస్తాయి. ఆర్‌టీఎక్స్ 3090 ఒక్కటే 350 వాట్లు లాగుతుంది. రెండు కలిసి 700, మిగతా కంప్యూటర్‌కు మరో 200. కార్డులు క్షణకాలం ఇంకా ఎక్కువ లాగుతాయి కాబట్టి 1200 వాట్లకు తగ్గని నాణ్యమైన ఎస్‌ఎంపీఎస్ ఉండాలి. ఒక కార్డులో రెండు సాకెట్లుంటే రెండు వేర్వేరు కేబుళ్లు వేయండి. ఒకే కేబుల్ చివర చీలిన రెండు కొసలను వాడితే అది వేడెక్కుతుంది.

మన గోడ ప్లగ్గుకు బలమెక్కువ
అమెరికా ఇళ్లలో 120 వోల్టులు, 15 ఆంపియర్లు. ఎక్కువసేపు నడిపేవాటికి 1440 వాట్లే హద్దు. అక్కడ రెండు మూడు కార్డుల కంప్యూటర్‌కు వైరింగే అడ్డొస్తుంది. మన ఇంట్లో 230 వోల్టుల మీద 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు 3680 వాట్లు మోయగలదు. అలాగని అదే ప్లగ్గుకు ఏసీనీ తగిలించకండి. సన్నటి తీగల స్పైక్ బస్టర్ కూడా వద్దు.

లాగిన ప్రతి వాటూ వేడే
900 వాట్లు లాగే కంప్యూటర్ రూమ్ హీటర్‌లాగే 900 వాట్ల వేడినీ గదిలోకి వదులుతుంది. మే నెలలో రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు 40 డిగ్రీలు దాటడం మామూలే. రెండు కార్డుల్లో ఎక్కువ కష్టపడేది పైది. కింది కార్డు వేడి గాలినే అది పీల్చుకోవాలి. గాలిని కేబినెట్ వెనక నుంచి బయటికి నెట్టే బ్లోయర్ రకం కార్డులు జోడీకి నయం, చప్పుడు మాత్రం ఎక్కువ. పవర్ లిమిట్‌ను 350 నుంచి 280 వాట్లకు దించినా వేగం తగ్గేది కొద్దిగానే, వేడి మాత్రం బాగా తగ్గుతుంది.

మీటరు ఎంత తిరుగుతుంది?
కంప్యూటర్ మొత్తం 800 వాట్లు లాగితే పది గంటలకు 8 యూనిట్లు. నెలంతా రోజూ అలాగే నడిపితే 240 యూనిట్లు. పైన ఏసీ ఖర్చు అదనం. వాడకం పెరిగేకొద్దీ శ్లాబు రేటూ పెరుగుతుంది. కాబట్టి శిక్షణకు పెట్టేముందు చిన్న నమూనాతో ఓ గంట పరీక్షించుకోవడం మంచిది. 

యూపీఎస్, ఎర్తింగ్
1985లో గల్లా రామచంద్ర నాయుడు స్థాపించిన అమరరాజా, తిరుపతి దగ్గరి కరకంబాడిలో బ్యాటరీలు తయారుచేస్తూ దేశమంతా పేరు తెచ్చుకుంది. బ్యాటరీతో నడిచే యూపీఎస్ కొనేటప్పుడు వీఏను కాదు, వాట్లను చూడండి. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే, రెండు కార్డుల ముందు అది నిలవదు. మరో సంగతి. నేల ఎండేకొద్దీ ఎర్తింగ్ బలహీనపడుతుంది. రాయలసీమ ఎండల్లో ఎర్తు గుంటలో అప్పుడప్పుడు నీళ్లు పోయడం తప్పనిసరి. కేబినెట్ తాకగానే జివ్వుమంటే వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

దారిలో విరిగే స్లాట్లు
పెద్ద కార్డుల కోసం మనవాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కో, బెంగళూరు ఎస్పీ రోడ్డుకో వెళ్తుంటారు. అక్కడే అన్నీ బిగించుకుని బస్సులో తెచ్చుకునేటప్పుడే ప్రమాదం. కిలోన్నర, రెండు కిలోల బరువున్న కార్డు గతుకులకు ఊగి స్లాట్‌ను విరగ్గొట్టగలదు. కార్డులను ఊడదీసి వాటి అట్టపెట్టెల్లోనే తీసుకురండి. నిలబెట్టిన కేబినెట్‌లో కార్డు వంగకుండా కింద చిన్న ఆసరా పెట్టండి.

2022 తర్వాత సెకండ్ హ్యాండ్
2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని మైనింగ్ చేయడం ఆగిపోయింది. ఆ పనిలో రాత్రింబవళ్లు నడిచిన కార్డులు సెకండ్ హ్యాండ్ బజారుకు వచ్చాయి. చవగ్గా దొరికితే తీసుకోవచ్చు. అయితే మీ కళ్ల ముందే అరగంట పూర్తి లోడు మీద నడిపించి, ఫ్యాన్ల చప్పుడు, మెమరీ వేడి చూశాకే డబ్బివ్వండి.

మన దగ్గర ఏర్పేడులో ఐఐటీ ఉంది, శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ ఉంది, 1954 నుంచి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. చుట్టుపక్కల ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలకూ కొదవ లేదు. కాలేజీ యాజమాన్యాలకు ఒక విన్నపం. రెండు కార్డులున్న కంప్యూటర్ ఒక్కటైనా ల్యాబులో పెట్టి, పిల్లలకు సాయంత్రాలు కూడా తెరిచి ఉంచండి. సొంతంగా కొనలేని విద్యార్థికి అదే పెద్ద సాయం. సొంతంగా కొనే విద్యార్థులు మాత్రం కార్డు ధర అడగడానికి ముందే స్లాట్ల దూరం, లేన్ల లెక్క, ఎస్‌ఎంపీఎస్ వాట్లు, గదిలో గాలి.. ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి. నాలుగూ కుదిరితే రెండో కార్డు కొనండి. ఒక్కటి కుదరకపోయినా ఆ డబ్బుతో ఎక్కువ మెమరీ ఉన్న ఒక్క కార్డే కొనుక్కోండి.