నాలుగు చక్రాలూ లాగే బండి

న్యూజెర్సీలోని పిస్కాటవేలో ఇవాళ రట్గర్స్ విశ్వవిద్యాలయం లివింగ్‌స్టన్ క్యాంపస్ ఉన్న నేల ఒకప్పుడు సైనిక శిబిరం. 1942లో తెరిచిన క్యాంప్ కిల్మర్ పిస్కాటవేలోనూ, పక్కనున్న ఇప్పటి ఎడిసన్‌లోనూ పరుచుకుని ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్‌కు వెళ్ళినవాళ్ళు, వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు కలిపి ఇరవై లక్షలకు పైగా సైనికులు ఈ శిబిరం గుండా సాగారు. యూరప్‌లో ఓడ దిగాక బురదలోనూ మంచులోనూ వాళ్ళు నమ్ముకున్న వాహనం జీపు. ఇప్పుడు ఆ నేల మీది పార్కింగ్ లాట్లలో గుంటూరు నుంచో వరంగల్ నుంచో చదువుకోవడానికి వచ్చిన పిల్లల సెకండ్ హ్యాండ్ కార్లు నిలిచి ఉంటాయి. వాటిలో కొన్నింటి వెనక తలుపు మీద ‘ఏడబ్ల్యూడీ’ (ఆల్ వీల్ డ్రైవ్) అని రాసి ఉంటుంది. అవి జీపు వంశంలోవే.

ఈ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలలో కొనుగోళ్ళు దాదాపు ఒకే వరసలో నడుస్తాయి. మొదట ఒక పాత సెడాన్. పిల్లలు పుట్టి, ఇండియా నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకని వచ్చేసరికి ఎస్‌యూవీ. జనవరి మంచులో ఆఫీసుకు, ఆదివారం 287 హైవే మీదుగా బ్రిడ్జ్‌వాటర్ గుడికి అదే బండి. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు కాబట్టి ఎనిమిదేళ్ళదో పదేళ్ళదో చూస్తారు. ధర అడుగుతారు, మైళ్ళు అడుగుతారు, యాక్సిడెంట్ రిపోర్టు తీస్తారు. నాలుగు చక్రాలకూ శక్తిని పంచే యంత్రం ఎలా ఉందో మాత్రం అడిగేవాళ్ళు తక్కువ. ఆ యంత్రంలో ఒక్కో భాగం ఒక్కో చిక్కు తీర్చడానికి వచ్చి చేరింది. ఏ చిక్కు తీర్చడానికి వచ్చిందో, సాధారణంగా అక్కడే అరుగుతుంది. అందుకే ఆ భాగాల పుట్టుక తెలిస్తే ఏది ఎలా చూసుకోవాలో కూడా తెలుస్తుందని నా నమ్మకం.

మొదటి చిక్కు మలుపు. కళ్ళంలో గుంజ చుట్టూ ఎడ్లను వరసగా కట్టి నూర్చేటప్పుడు లోపలి ఎద్దు దాదాపు ఉన్నచోటే తిరుగుతుంది, బయటి ఎద్దు పెద్ద అంగలు వేయాల్సి వస్తుంది. మలుపులో కారు చక్రాలదీ అదే పరిస్థితి. ఒకే ఇరుసుకు రెండు చక్రాలనూ బిగించేస్తే ఏదో ఒకటి రోడ్డు మీద ఈడ్చుకుపోవాలి. ఫ్రాన్స్‌లో ఒనెసిఫోర్ పెకర్ 1827లో తన ఆవిరి బండి కోసం డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల అమరికతో దీన్ని పరిష్కరించాడు. రెండు చక్రాలు వేరువేరు వేగాలతో తిరుగుతాయి, లాగే బలం మాత్రం సమానంగా అందుతుంది. అసలు తిరకాసు ఆ ‘సమానం’లోనే ఉంది. ఒక చక్రం ఐసు మీద ఊరికే తిరుగుతుంటే దానికి దొరికే బలం దాదాపు సున్నా. అప్పుడు గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది. మంచులో ఒక చక్రం గిర్రున తిరుగుతూ, రెండోది కదలకుండా కారు నిలిచిపోవడానికి కారణం ఇదే.

అలాంటప్పుడు వెనక చక్రాలతో పాటు ముందు చక్రాల చేత కూడా లాగిస్తే ఏమవుతుందన్న ఆలోచన వచ్చింది. 1903లో నెదర్లాండ్స్‌కు చెందిన స్పైకర్ కంపెనీ నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే కారు ఒకటి కట్టింది. అది ఇప్పటికీ హేగ్‌లోని లౌమన్ మ్యూజియంలో ఉంది. అయితే ముందు చక్రాలు లాగడమే కాకుండా పక్కకు తిరగాలి కూడా. తిరిగే షాఫ్టు వంపులోనూ బలాన్ని మోయాలంటే కీలు కావాలి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని క్లింటన్‌విల్ అనే చిన్న ఊళ్ళో ఓటో జాకో, విలియం బెసర్డిక్ అనే ఇద్దరు బావమరదులు ఈ కీలును గుండ్రటి గుల్లలో మూసి, దుమ్మూ బురదా చొరబడకుండా చేసి 1908లో పేటెంట్ పొందారు. వాళ్ళు పెట్టిన కంపెనీ లారీలు మొదటి ప్రపంచ యుద్ధంలో వేల సంఖ్యలో పనిచేశాయి.

పాత రకం కీలుకు ఒక లోపం ఉంది. వంపులో ఉన్నప్పుడు ఇవతలి షాఫ్టు ఒకే వేగంతో తిరిగినా, అవతలిది ప్రతి చుట్టుకూ రెండుసార్లు వేగం పెంచుకుంటూ తగ్గించుకుంటూ కుదుపుతో తిరుగుతుంది. 1920లలో ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఇంజనీరు దీనికి చక్కటి విరుగుడు కనిపెట్టాడు. గాడుల్లో ఆరు ఉక్కు గుండ్లు పెట్టాడు. షాఫ్టు ఎంత వంగినా ఆ ఆరూ వంపును సరిగ్గా సగం చేసే తలంలోనే నిలబడతాయి, దాంతో రెండువైపులా వేగం ఒకటే అవుతుంది. మెకానిక్కులు సీవీ జాయింట్ అనేది దీన్నే. యంత్రశాస్త్రంలో నాకు అన్నిటికంటే అందంగా కనిపించే భాగాల్లో ఇదొకటి. గుండ్లు గ్రీజులో మునిగి ఉంటాయి, ఆ గ్రీజును రబ్బరు తొడుగు కాపాడుతుంది. తొడుగు చిరిగితే గ్రీజు కారిపోతుంది, ఇసుకా ఉప్పునీళ్ళూ లోపలికి పోతాయి, గాడులు అరుగుతాయి. కొనబోయే బండిని ఖాళీ పార్కింగ్ లాట్‌కు తీసుకెళ్ళి స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి మెల్లగా చుట్టు తిప్పండి. తర్వాత రెండోవైపు. ముందు చక్రం దగ్గర ‘టక్ టక్ టక్’ అని వినిపిస్తే ఆ గాడులు అరిగిపోయినట్టే.

1940 జూలైలో అమెరికా సైన్యం చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలని 135 కంపెనీలను అడిగింది. నమూనా ఇవ్వడానికి గడువు 49 రోజులు. పెన్సిల్వేనియాలోని బ్యాంటమ్ అనే చితికిపోతున్న చిన్న కంపెనీ ఒప్పుకుంది. ఇంజనీరు కార్ల్ ప్రాబ్స్ట్ రెండు రోజుల్లో నక్షా గీశాడు. సెప్టెంబర్ 23న బండిని మేరీలాండ్‌లోని హోలబర్డ్ శిబిరానికి అప్పగించారు. ఆ నక్షాలను సైన్యం విల్లీస్‌కూ ఫోర్డ్‌కూ ఇచ్చింది. యుద్ధం ముగిసేసరికి ఆ రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. మొదట కష్టపడిన బ్యాంటమ్‌కు చివరికి జీపుల వెనక కట్టే ట్రైలర్లు చేసే పని మిగిలింది. ఆ కంపెనీకి అన్యాయమే జరిగింది.

మహీంద్రా సోదరులు 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టాక అది మన ఊళ్ళకూ వచ్చింది. సమితి జీపు, పోలీసు జీపు, ఎన్నికల జీపు చూసి పెరిగిన తరం ఇప్పటికీ ఉంది. డ్రైవరు పక్కన గేరు కర్రకు తోడు పొట్టి కర్రలు రెండు ఉండేవి. ఒకటి ముందు ఇరుసును కలుపుతుంది, రెండోది గేరు నిష్పత్తిని తగ్గించి వేగానికి బదులు బలాన్ని ఇస్తుంది. అవి కదిలించేది బలాన్ని ముందుకూ వెనకకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌ను. అందులో డిఫరెన్షియల్ లేదు. కలిపితే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకే వేగంతో తిరగాల్సిందే. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం నడుస్తాయి. బురదలో చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు రోడ్డు జారనివ్వదు, కాబట్టి తేడా అంతా షాఫ్టుల్లో మెలిగా పేరుకుంటుంది. ఇప్పటికీ పికప్‌లలోనూ, కొన్ని పెద్ద ఎస్‌యూవీలలోనూ ఈ పద్ధతే ఉంది. ఇలాంటి బండి కొంటే మంచు కరిగిన రోడ్డెక్కగానే టూ వీల్‌కు మార్చాలి. పాత యజమాని ఆ అలవాటు లేకుండా నడిపి ఉంటే ట్రాన్స్‌ఫర్ కేస్‌కు జబ్బు పట్టి ఉండొచ్చు.

ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ నడుమ మూడో డిఫరెన్షియల్ పెడితే మెలి పోతుంది. ట్రాక్టర్లతో పేరు తెచ్చుకున్న హ్యారీ ఫెర్గూసన్ నెలకొల్పిన పరిశోధన సంస్థ ఈ దారిలో చాలా దూరం వెళ్ళింది. వాళ్ళ పీ99 కారుతో స్టెర్లింగ్ మాస్ 1961లో ఓల్టన్ పార్క్ గోల్డ్ కప్ గెలిచాడు. 1970లో రేంజ్ రోవర్ ఎప్పుడూ నాలుగు చక్రాలతో నడిచే బండిగా వచ్చింది. 1980లో ఆడీ క్వాట్రో వచ్చింది. డిఫరెన్షియల్ మూడైతే జారే గొడవ కూడా మూడింతలు. ఒక్క చక్రం ఐసు మీద పడితే నాలుగూ నిస్సహాయమే. దానికి విరుగుడుగా చిక్కటి సిలికోన్ ద్రవంలో పలకలు తిరిగే కప్లింగ్ వచ్చింది, తర్వాత జారే చక్రానికి తనంతట తాను బ్రేకు వేసే ఎలక్ట్రానిక్స్ వచ్చాయి.

మనవాళ్ళు ఎక్కువగా కొనే కుటుంబపు ఎస్‌యూవీలు ఇంకో తోవ పట్టాయి. మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి. అవి జారినప్పుడు ఒక క్లచ్ బిగుసుకుని వెనక చక్రాలకు బలం పంపుతుంది. మొదటి హోండా సీఆర్‌వీల్లో దీనికి ఎలక్ట్రానిక్స్ కూడా అక్కర్లేదు. ముందు షాఫ్టు ఒక పంపును, వెనక చక్రాలు ఇంకో పంపును తిప్పుతాయి. వేగాలు ఒకటైతే నూనె ఒకదాన్నుంచి మరోదానికి హాయిగా ప్రవహిస్తుంది. ముందు చక్రాలు జారి వేగం పెరిగితే ఒత్తిడి పుట్టి క్లచ్‌ను నొక్కుతుంది. ఈ అమరికల్లో నూనె పాతబడితే మెల్లగా మలుపు తిరిగేటప్పుడు వెనక నుంచి మూలుగు వినిపిస్తుంది. ఇంజిన్ ఆయిల్ మార్చిన రసీదులు అందరూ చూపిస్తారు. వెనక డిఫరెన్షియల్ నూనె ఎప్పుడు మార్చారని అడగండి. జవాబు రాకపోతే కొన్న వారంలోనే మార్పించండి. ఖర్చు పెద్దదేమీ కాదు.

టైర్లు కూడా ఈ యంత్రంలో భాగమే. ఒక టైరు అరిగి చిన్నదైతే అది ఎప్పుడూ ఎక్కువ వేగంతో తిరుగుతుంది, యంత్రం దాన్ని జారడంగా భావించి రోజంతా సర్దుతూ వేడెక్కుతుంది. నాలుగు టైర్లూ ఒకే రకమా, అరుగుదల ఒకేలా ఉందా చూడండి. టైరు పక్కన ‘డాట్’ అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు అది తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం.

ఇంత కథ ఉన్న యంత్రం చేయలేని పని ఒకటుంది: ఆపడం. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి, ఆగే దూరాన్ని నిర్ణయించేది రబ్బరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ. గంటకు 30 మైళ్ళ వేగంతో వెళ్తుంటే బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద సుమారు 13 మీటర్లలో ఆగుతాం. అణిగి గట్టిపడిన మంచు మీద 45 మీటర్లు, నున్నటి ఐసు మీద 90 మీటర్లు. ఏడబ్ల్యూడీ ఉందని ఈ లెక్క ఒక్క అంగుళం కూడా మారదు. పైగా ఆ బండి మంచులో అనాయాసంగా వేగం అందుకుంటుంది కాబట్టి రోడ్డు ఎంత జారుతోందో డ్రైవరుకు తెలియకుండా పోతుంది. కొత్తగా వచ్చి మొదటి శీతాకాలం చూస్తున్న పిల్లలు ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకోవాలని నా తపన. డబ్బు ఒకదానికే సరిపోతే, మామూలు కారుకు మంచు టైర్లు వేయించుకోవడం ఏడబ్ల్యూడీ బండిని అరిగిన టైర్లతో నడపడం కంటే మేలు.

కారు అదుపు తప్పి పక్కకు తిరగకుండా ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసే స్టెబిలిటీ కంట్రోల్ అమెరికాలో 2012 మోడళ్ళ నుంచి తప్పనిసరి అయింది. ఎత్తుగా ఉండి బోల్తా పడే ప్రమాదం ఎక్కువున్న ఎస్‌యూవీలకు అది ప్రాణరక్షణే. అంతకు ముందు మోడల్ తక్కువకు దొరికినా, అది ఉందని నిర్ధారించుకోకుండా తీసుకోవద్దు. పాత బండ్లలో టకాటా ఎయిర్‌బ్యాగుల సంగతి కూడా ఉంది. పేలి లోహపు ముక్కలు విసిరే ప్రమాదమున్న సుమారు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులను దేశమంతటా వెనక్కి పిలిచారు. 17 అక్షరాల విన్ నంబరు కొడితే బండికి ఆ మరమ్మతు బాకీ ఉందో లేదో కేంద్ర రహదారి భద్రతా సంస్థ ఉచితంగా చెబుతుంది.

న్యూజెర్సీ ఇన్‌స్పెక్షన్ స్టిక్కర్ చూసి బ్రేకులూ స్టీరింగూ బాగున్నాయనుకునేవాళ్ళు చాలామంది. 2010 ఆగస్టు నుంచి ఈ రాష్ట్రంలో సొంత కార్లకు పొగ పరీక్ష మాత్రమే చేస్తున్నారు. 1996 తర్వాతి కార్లకు డాష్‌బోర్డు కింద ఓబీడీ పోర్టు ఉంటుంది. చవక రీడరు ఒకటి అందులో పెట్టి చూడండి. తప్పుల కోడ్‌లు లేకపోయినా, లోపలి పరీక్షలు చాలావరకు ‘నాట్ రెడీ’ అని కనిపిస్తే ఎవరో ఈ మధ్యే వాటిని చెరిపేసి ఉండొచ్చు.

2021 సెప్టెంబర్ 1న ఐడా తుపాను మిగులు వానలకు రారిటన్ నది పొంగి మాన్‌విల్, బౌండ్ బ్రూక్ ఊళ్ళను ముంచింది. మునిగిన కార్లు శుభ్రం చేసుకుని మళ్ళీ అమ్మకానికి వస్తాయి. సీట్ బెల్టును చివరిదాకా లాగితే బురద గీత కనిపించవచ్చు. ఫోర్ వీల్ బండిలో ఇంకో ఆనవాలు ఉంది: వేడి డిఫరెన్షియల్ చల్లటి నీటిలో మునిగితే గాలి గొట్టం గుండా నీళ్ళు పీల్చుకుంటుంది, నూనె పాలరంగుకు మారుతుంది. మీకు తెలిసిన మెకానిక్ దగ్గర లిఫ్టు మీదకు ఎక్కించి చూడండి. రోడ్ల మీద చల్లే ఉప్పు ఫ్రేమును ఎంత తినేసిందో కూడా అప్పుడే తెలుస్తుంది.

డీలరు దగ్గర కొంటే, బండి వయసు ఏడేళ్ళ లోపు, మైళ్ళు లక్ష లోపు, ధర 3,000 డాలర్లకు తగ్గకుండా ఉంటే న్యూజెర్సీ యూజ్డ్ కార్ లెమన్ చట్టం పరిమిత కాలం వారంటీ ఇస్తుంది. వ్యక్తి దగ్గర కొంటే అదీ లేదు.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్ సంతలోకి ముందొక మోటారు, వెనకొక మోటారు ఉన్న ఎలక్ట్రిక్ ఎస్‌యూవీలు వస్తున్నాయి. వాటిలో ట్రాన్స్‌ఫర్ కేస్ లేదు, ముందు నుంచి వెనకకు షాఫ్టు లేదు. రెండు ఇరుసుల వేగాల తేడాను కంప్యూటరే చూసుకుంటుంది. ఈ పద్ధతికీ పాత మూలం ఉంది. 1900లో ఫెర్డినాండ్ పోర్షే నాలుగు చక్రాల్లోనూ విడివిడిగా మోటార్లు పెట్టి కారు చేశాడు, దాని సీసపు బ్యాటరీల బరువే టన్నుకు మించిపోయింది. ఈ కొత్త బండ్లు కొనేటప్పుడు డిఫరెన్షియల్ నూనె గురించి కంటే, బ్యాటరీలో ఎంత శాతం సత్తువ మిగిలిందని ముందు అడగాలి. ఎనిమిదేళ్ళు, లక్ష మైళ్ళని కంపెనీలు సాధారణంగా ఇచ్చే బ్యాటరీ వారంటీలో ఇంకా ఎంత మిగిలిందో, అది రెండో యజమానికి బదిలీ అవుతుందో లేదో సంతకం పెట్టేముందే కాగితం మీద చూసుకోవాలి.